ఫాల్ కుట్టిన చీర వాపసు లేదు

తప్పంతా అమ్మది. ఆ మాట వరలక్ష్మి ఇప్పటికీ అంటుంది, నవ్వుతూనే అంటుంది.

కూతుర్ని వెంట తీసుకెళ్ళకుండా చీర కొనడానికి పోవడం రమమ్మ చేసిన మొదటి తప్పు. హన్మకొండ చౌరస్తాలోని వెంకట్రాజం వస్త్రాలయంలో పరుపు మీద చతికిలబడి, అక్కడి కుర్రాడు చీరను తన నడుముకే చుట్టుకుని, కుచ్చిళ్ళు పోసి, పమిట భుజం మీద వేసుకుని అటూ ఇటూ తిరిగి చూపిస్తే మురిసిపోవడం రెండో తప్పు. ఆ కుర్రాడి మీద చీర నిండుగా పాదాల దాకా వచ్చింది. రమమ్మకు అది చాలు. ఇంటికి తెచ్చి, ఫాల్ కుట్టించి, పికో చేయించి, చుట్టాల పెళ్ళికి ఇంకా రెండు రోజులుందనగా కూతురి చేతిలో పెట్టింది.

వరలక్ష్మి కట్టుకుని అద్దం ముందు నిలబడింది. అంచు చీలమండల పైనే ఆగిపోయింది. పెళ్ళికి పోతున్నట్టు లేదు, నాట్లు వెయ్యడానికి మడిలోకి దిగబోతున్నట్టుంది.

"జర కిందికి కట్టు బిడ్డా," అంది రమమ్మ.

"ఇంకెంత కిందికి కట్టాలె అమ్మా? ఇంకొంచెం దించితె ఊడి చేతికొస్తది."

వరలక్ష్మి పొడుగు. వాళ్ళ గల్లీలో మగవాళ్ళు కూడా తలెత్తి మాట్లాడేంత పొడుగు. ఎనిమిదో తరగతి ముందు ఒక్క ఎండాకాలం సెలవుల్లో ఆ ఎత్తంతా వచ్చిపడింది. బడి తెరిచిన రోజే ఎవడో 'కరెంటు స్తంభం' అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు ముందుకు వంచిన భుజాలను ఆ పిల్ల మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు నర్సంపేటలో వ్యవసాయ శాఖలో మంచి ఉద్యోగం, రైతులు మేడమ్ మేడమ్ అంటారు. అయినా నలుగురిలోకి వెళ్తే అందరూ తననే చూస్తున్నారనిపిస్తుంది. చూడకూడదంటే చిన్నగా కనిపించాలి. చిన్నగా కనిపించాలంటే వంగాలి. పైగా ఈ మధ్య రెండు సంబంధాల వాళ్ళు 'పిల్ల బాగనే ఉన్నది గని, పొడుగు' అని కబురు పంపడంతో ఆ వంగడం ఇంకాస్త ఎక్కువైంది.

తల్లి చీర సంచి పట్టుకుని ముందు, కూతురు తల దించుకుని వెనక, మళ్ళీ దుకాణానికి వెళ్ళారు.

"ఫాల్ కుట్టినంక వాపస్ తీసుకోమమ్మా," అన్నాడు గల్లా దగ్గర కూర్చున్న వెంకట్రాజం. అతని తల వెనక గోడ మీద అదే మాట ఎర్ర రంగుతో రాసిన బోర్డు ఉంది.

చీర చూపించిన కుర్రాడు లేచి వచ్చాడు. అతను సంపత్, వెంకట్రాజం కొడుకే. అప్పుడే ఎవరికో చూపిస్తున్న గులాబీ రంగు చీర ఇంకా అతని ఒంటి మీదే ఉంది. కింద ప్యాంటు, పైన పమిట. అలాగే వచ్చి నిలబడ్డాడు.

"చీరకేమైంది పెద్దమ్మా? అసలు సిసలు నారాయణపేట చీరాయె."

"పొట్టిగైంది బిడ్డా."

"పొట్టిగనా? నా మీద మంచిగనే ఉండె గద?"

"మీ ఎత్తుకు మంచిగనే ఉంటది. కట్టుకునేది నేను," అంది వరలక్ష్మి.

అన్న తర్వాత గానీ ఏమన్నదో తెలియలేదు. దుకాణంలో ఆడవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు. సంపత్ ఆమె భుజం దాటి కొంచెం పైదాకా వస్తాడు, అంతే. వరలక్ష్మికి భూమి చీలితే బాగుండుననిపించింది. కానీ అందరికంటే గట్టిగా నవ్వింది సంపతే.

"నిజమే మేడమ్. తప్పు చీరది గాదు, నాది. జర నిటారుగ నిలబడుండ్రి, ఎంత తక్కువైందో చూస్త."

"నిలబడే ఉన్న గద?"

"గిది నిలబడుడా? ఏదో కింద పడితె వెతుకుతాండ్రనుకున్న."

"అందరు చూస్తాండ్రు," అంది ఆమె పళ్ళ బిగువున.

"చీరల షాపంటె గంతే మేడమ్. చూసెతందుకే వస్తరు."

కోపంతో ఆమె నిటారుగా నిలబడింది. అతను టేపు తీసి కొలిచి, నడుము దగ్గర లోపలికి దోపుకునే చోట అదే రంగు పట్టీ వేయిస్తానని, ఎవ్వరికీ కనపడదని, రేపు సాయంత్రానికల్లా ఇస్తానని చెప్పాడు. చెప్పినట్టే ఇచ్చాడు. పెళ్ళిలో చీర నేలను తాకుతూ హాయిగా ఉంది. చీర మీద కోపం పోయింది. ఆ మనిషి మీద మాత్రం పోలేదు.

*

నర్సంపేట నుంచి సాయంత్రం బస్సులో వరలక్ష్మితో పాటు నవ్య కూడా వస్తుంది. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. నవ్య మనిషి పిడికెడు, నోరు బారెడు.

నవ్య సెలవు పెట్టిన రోజే అది జరిగింది. వెనక సీటాయన కాలు ముందుకు చాచి వరలక్ష్మి నడుముకు తగిలిస్తూ కూర్చున్నాడు. వరలక్ష్మి ముందుకు జరిగింది. అతనూ కాలు ముందుకు జరిపాడు. గట్టిగా ఒక్క మాట అంటే బస్సంతా ఇటు తిరుగుతుంది. అందరూ చూస్తారు. ఆ భయంతో ఇంకా ముడుచుకుని, తన స్టాపు రాకముందే దిగిపోయి, వానలో నడుచుకుంటూ ఇంటికి చేరింది.

మర్నాడు ఆ సంగతి విని నవ్య నెత్తి కొట్టుకుంది.

"నీ అంత ఎత్తు నాకుంటెనా, వాన్ని కిటికీలకెల్లి బయట పడేద్దును. గింత పొడుగు పెట్టుకుని నువ్వు దిగిపోయి నడిచొస్తవా?"

"అందరు చూస్తరే."

"చూడనియ్యి! చూస్తె నీదేం పోతది?"

ఆ ఆదివారం పొద్దున్నే నవ్య ఆమెను బలవంతంగా కిషన్‌పురాలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీదికి లాక్కెళ్ళింది. అక్కడ రిటైరైన హెడ్ కానిస్టేబుల్ పూలమ్మ మేడమ్ ఆడవాళ్ళకు ఆత్మరక్షణ క్లాసు చెబుతుంది. పేరు పూలమ్మ గానీ చెయ్యి ఇనుము. పాతిక మంది దాకా ఉన్నారు. బ్యాంకు ఉద్యోగినులు, నర్సులు, కాలేజీ పిల్లలు, మనవరాలితో కలిసి వచ్చిన ఒక అమ్మమ్మ.

"కొట్టుడు తర్వాత," అంది పూలమ్మ మేడమ్. "ముందు నిలబడుడు నేర్చుకోవాలె. ఒక కాలు ముందటికి, భుజాలు వెనక్కి, చెయ్యి గిట్ల చాచి, పొట్టల నుంచి అరవాలె. ఆగు! గంతే. సగం మంది గక్కడ్నే ఆగిపోతరు. ఆగనోనికి మిగతా కత."

ఆగనివాడుగా నటించడానికి ఒకడు లోపలి గదిలోంచి వచ్చాడు. పాత పరుపు కోసి కుట్టించిన లావుపాటి సూటు, నెత్తిన క్రికెట్ హెల్మెట్. బొంత కప్పుకున్న ఎలుగుబంటిలా ఊగుతూ నడుస్తున్నాడు. వరలక్ష్మి వంతు రాగానే అతను ఎదురుగా నిలబడి హెల్మెట్ ఎత్తాడు.

"నమస్తే మేడమ్. చీర సరిపోయిందా?"

"మీరా!"

"పూలమ్మ మేడమ్ మా చిన్నమ్మ. తన్నులు తినెతందుకు ఇంకెవ్వరు దొరకలేదట."

నవ్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. వరలక్ష్మి చెవులు వేడెక్కాయి. వెళ్ళిపోదామనుకుంది గానీ తలుపు దగ్గర పూలమ్మ మేడమ్ నిలబడి ఉంది.

"ఊఁ, ఆగు అని అరువు," అంది ఆవిడ.

"ఆగు," అంది వరలక్ష్మి. పక్కింటి పిల్లిని పాలు తాగొద్దని బతిమాలినట్టుంది ఆ గొంతు.

సంపత్ ఒక అడుగు వేసి ఆగి, తల గోక్కోబోయి హెల్మెట్ గోక్కున్నాడు. "ఆగాల్నా, రావాల్నా మేడమ్? సమజ్ గాలే."

హాలంతా నవ్వింది. వరలక్ష్మి భుజాలు రెండూ వచ్చి ముందుకు చేరాయి.

*

అయినా మానలేదు. ఎందుకు మానలేదని నవ్య అడిగితే బస్సు కోసం అనేది. అది నిజమే. కొంత.

ఆదివారం, బుధవారం పొద్దున క్లాసు. మణికట్టు విడిపించుకోవడం, మోచేత్తో పొడవడం, కాలి మీద తొక్కడం ఒక్కొక్కటీ వచ్చేశాయి. చెయ్యి పొడుగు కాబట్టి అందరికంటే ముందు ఆమె దెబ్బే తగిలేది. తగిలిన మరుక్షణం నోటి నుంచి "అయ్యో, సారీ!" వచ్చేది.

"సారీ చెప్పి కొట్టే దెబ్బ దెబ్బ గాదు మేడమ్," అనేవాడు సంపత్ హెల్మెట్ లోపలి నుంచి. "నాకు తగలలేదని నేనే బాధపడాల్సొస్తాంది."

"నిజంగ తగల్లేదా?"

"గీ పరుపుల ఉంటె పాపం పుణ్యం గూడ తగలవు. కొట్టుండ్రి."

కేక మాత్రం రాలేదు. నోరు తెరవగానే హాలులో ఉన్న కళ్ళన్నీ తన మీదే ఉన్నట్టనిపించి నోరు మూసేసుకునేది. పూలమ్మ మేడమ్ ఆమె వీపు మీద అరచేత్తో తట్టి, "నీ ఎత్తు నువ్వు దొంగిలించి తెచ్చినవా బిడ్డా, గట్ల దాస్తానవ్?" అనేది.

ఒక బుధవారం క్లాసు అయ్యేసరికి వాన పట్టుకుంది. నవ్య స్కూటీ మీద తడుస్తూనే పోయింది. వరలక్ష్మి మెట్ల కింద షట్టరు ముందు నిలబడింది. సంపత్ పక్కన చాయ్ బండి నుంచి రెండు గ్లాసులు తెచ్చి ఒకటి ఇచ్చాడు. వాన చూరు నుంచి ధారగా పడుతోంది. ఇద్దరూ గోడకు అతుక్కుని నిలబడాల్సి వచ్చింది.

"ఒకటడగాల్నా?" అంది ఆమె. "అంతమంది ముందట చీర కట్టుకుంటరు గద. సిగ్గనిపించదా?"

సంపత్ చాయ్ ఊదుకున్నాడు. "ఇంటర్ల ఉన్నప్పుడు మొదటిసారి కట్టిన. అదే టైంకు మా క్లాసోళ్ళు ఇద్దరు వాళ్ళ అమ్మలతోటి వచ్చిండ్రు. తెల్లారి కాలేజీల 'వదినా, వదినా' అని ఒకటే పిలుసుడు. రెండు రోజులు కాలేజీకి పోలే, షాపుకు పోలే."

"మరి?"

"మా బాపు ఒకటే అన్నడు. వచ్చినోళ్ళు చీరను చూస్తరు బిడ్డా, నిన్ను గాదు. నిన్ను చూసెటోడు ఎట్లా చీర కొనడు, వాని సంగతి మనకెందుకు అని. అప్పట్నుంచి ఫికర్ లేదు." అతను ఆమె వైపు తిరిగాడు. తలెత్తి చూశాడు. తలెత్తి చూడటం అతనికి ఏ మాత్రం కష్టంగా ఉన్నట్టు లేదు. "మిమ్ములను చూసెటోళ్ళు గూడ గంతే. ఒక నిమిషం చూస్తరు, తర్వాత వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటరు. మీరు మాత్రం ఆ నిమిషం కోసం పొద్దంత వంగి తిరుగుతాండ్రు."

"మీకు తెల్వది. పెళ్ళిచూపులకు వచ్చినోళ్ళు పిల్ల పొడుగని పోయిండ్రు."

"మంచిదాయె."

"ఏంది మంచిది?"

"ఏం లేదు, వాన మంచిగ పడతాంది అంటాన్న," అన్నాడు సంపత్ గబగబా చాయ్ తాగి, నాలుక కాల్చుకుని.

వరలక్ష్మి నవ్వింది. నవ్వినప్పుడు భుజాలు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. అతను చూశాడు.

ఆ తర్వాత దుకాణంలో పన్నా, అంటే వెడల్పు, ఎక్కువున్న చీర ఏది వచ్చినా, ఫొటో ఆమె ఫోనుకు వచ్చేది. 'దీనికి పట్టీ అక్కర్లేదు' అని కింద ఒక వాక్యం. ఆమె 'వద్దు' అని రాసేది. ఇంకో ఫొటో వచ్చేది. కొన్నాళ్ళకు ఫొటోలు తగ్గి మాటలు పెరిగాయి. ఉద్యోగం సంగతులు, మిరప తోటలో తెగులు సంగతులు, ఆ రోజు తిన్న తన్నుల సంగతులు.

*

శ్రావణం వచ్చాక ఒక సాయంత్రం నర్సంపేట బస్సులో మళ్ళీ అదే మనిషి వెనక కూర్చున్నాడు. మళ్ళీ కాలు చాచాడు.

వరలక్ష్మి ఈసారి ముందుకు జరగలేదు. కేక వేయాలని చూసింది, రాలేదు. కానీ కాళ్ళకు అలవాటైన పని కాళ్ళు చేశాయి. ఆమె లేచి, వెనక్కి తిరిగి, భుజాలు వెనక్కి వేసి, ఉన్న ఎత్తంతా నిలబడింది. నెత్తి బస్సు పైకప్పు కడ్డీకి తగిలింది. పైనుంచి అతని వైపు చూస్తూ, మెల్లగానే, "కాలు తీయుండ్రి," అంది.

అతను కాలే కాదు, మనిషే తీసేశాడు. లేచి డ్రైవరు పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. నవ్య ఈల వేసింది.

హన్మకొండలో బస్సు దిగుతూనే సంపత్‌కు ఫోన్ చేసింది. అతను దుకాణం బాపుకు అప్పగించి పరుగున వచ్చాడు. చౌరస్తా పక్కన మిర్చి బజ్జీ బండి దగ్గర నిలబడి ఆమె కథంతా చేతులు తిప్పుతూ చెప్పింది. అతను బజ్జీ పట్టుకుని తినడం మరిచిపోయి విన్నాడు.

"కేక రాలేదు గని."

"వస్తది. దాని టైంకు అది వస్తది," అన్నాడు. కాసేపు బజ్జీ వైపు చూసి, "వరలక్ష్మి గారూ, ఆదివారం మా బాపును మీ ఇంటికి పంపాల్నా?" అన్నాడు.

ఆమెకు అర్థమైంది. అర్థమైనందుకు ఒళ్ళంతా వెచ్చగా అయింది. ఊఁ అనడానికి నోరు తెరిచింది.

"ఎవరది, వరమేనా?"

పక్కింటి విజయలక్ష్మి ఆంటీ. చేతిలో కూరగాయల సంచి, కళ్ళు మాత్రం సంపత్ మీద. అతని నెత్తి నుంచి వరలక్ష్మి నెత్తి దాకా ఒకసారి కొలిచి, ముసిముసిగా నవ్వింది. బండి దగ్గరున్న నలుగురూ ఇటే తిరిగారు. వరలక్ష్మి తనకు తెలియకుండానే ఫుట్‌పాత్ మీద నుంచి రోడ్డు మీదికి దిగింది. దిగితే ఇద్దరి నెత్తులూ కొంచెం దగ్గరవుతాయి.

"ఎవరే? తమ్ముని లెక్క ఉన్నడు?"

"ఆఁ... అవునాంటీ. తమ్ముడసొంటోడే," అంది వరలక్ష్మి.

ఆంటీ తృప్తిగా తలూపి వెళ్ళిపోయింది. సంపత్ చేతిలోని బజ్జీని పేపరులో చుట్టి పక్కన పెట్టాడు. అతను నవ్వకుండా ఉండటం ఆమె చూడటం అదే మొదటిసారి.

"మీకంటె రెండేండ్లు పెద్దోన్ని నేను," అన్నాడు.

"సంపత్, అది... ఆమె ఊరంత చెప్తదని..."

"నేను పొట్టిగున్ననని నాకెన్నడు రంది లేదు. నా పక్కన నిలబడుడు మీకు సిగ్గని మాత్రం ఇయ్యాల తెల్సింది." ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "వాన వచ్చేటట్టున్నది. ఇంటికి పోండ్రి."

ఆదివారం క్లాసుకు సంపత్ రాలేదు. ఆ పరుపు సూటును కుర్చీకి తొడిగి, దాన్నే కొట్టమంది పూలమ్మ మేడమ్. వరలక్ష్మి ఒక్క దెబ్బ కొట్టి కూర్చుండిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. 'సారీ' అని రాసి, సారీ చెప్పి కొట్టే దెబ్బ గుర్తొచ్చి, చెరిపేసింది. ఇన్నాళ్ళూ జనం తనను చూసి నవ్వుతారని బాధపడింది. ఇప్పుడు ఆ జనం కోసం ఒక మంచి మనిషిని తనే నలుగురిలో చిన్న చేసింది. అది తలుచుకుంటే అన్నం సయించలేదు.

*

ఇక రమమ్మ చేసిన మూడో తప్పు.

రాఖీ పున్నమి పొద్దున ఆమె కొత్త చీర కట్టుకుని, పళ్ళెంలో కుంకుమ, మిఠాయి, మెరిసే రాఖీ ఒకటి పెట్టి, మీద రుమాలు కప్పి, "నడువు వరం," అంది.

"ఎక్కడికి?"

"చీరల షాపుకు. ఆ పిల్లగానికి రాఖీ కట్టవా? నువ్వే తమ్ముడసొంటోడన్నవట గద, విజయలక్ష్మి చెప్పింది. నీకు తోడబుట్టినోడు లేడని నాకెప్పుడు దిగులే. మంచి పిల్లగాడు, చీర గూడ బాగుచేసిచ్చె."

"అమ్మా, వద్దే!"

"సిగ్గెందుకే? తమ్మునికి కట్టెతందుకు సిగ్గా?"

దుకాణం కిటకిటలాడుతోంది. అక్కచెల్లెళ్ళకు చీరలు కొనిపెట్టే అన్నదమ్ములంతా ఆ రోజే వస్తారు. సంపత్ పరుపు మీద ఉన్నాడు. ముంజేతి నిండా మోచేతి దాకా రాఖీలే. అంతకుముందే క్లాసు ఆడవాళ్ళంతా, ఆ అమ్మమ్మతో సహా వచ్చి, ఇన్నాళ్ళూ తన్నినందుకు వరసగా కట్టిపోయారు.

రమమ్మ విషయం చెప్పి పళ్ళెం మీది రుమాలు తీసింది. కొనేవాళ్ళు కూడా చీరలు వదిలేసి ముచ్చటగా చూస్తున్నారు. సంపత్ ఒకసారి వరలక్ష్మి ముఖంలోకి చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"కట్టు బిడ్డా," అంది రమమ్మ, రాఖీ కూతురి చేతిలో పెట్టి.

కట్టేస్తే ఎవరూ చూడరు. రెండు మిఠాయి ముక్కలు, నాలుగు నవ్వులు, అందరూ ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. కట్టకపోతే హన్మకొండ అంతా చూస్తుంది. వరలక్ష్మి సంపత్ చేతి వైపు చూసింది. చాచిన ఆ చేతి మీద, రాఖీల సందులోంచి, మణికట్టు దగ్గర కమిలిన మచ్చ కనిపించింది. పరుపు లేని చోట తన మోచెయ్యి తగిలిన మచ్చ. తగల్లేదన్నాడు. అబద్ధమాడాడు.

ఆమె కదలకపోయేసరికి, "సిగ్గుపడతాంది, నేను కడత తియ్యి," అని రమమ్మే రాఖీ లాక్కుని అతని మణికట్టు మీదికి వంగింది.

వరలక్ష్మి కాలు ఒకటి ముందుకు పడింది. భుజాలు వెనక్కి వెళ్ళాయి. చెయ్యి చాచింది.

"ఆగు!"

ఆ కేకకు పైన మిద్దె మీద ఫాల్ కుట్టే మిషను ఆగిపోయింది. ఎవరో చేతిలోని చీర వదిలేశారు. రోడ్డు మీద పోయే ఆటో ఒకటి బ్రేకు వేసింది. రమమ్మ రాఖీ పట్టుకుని వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"కట్టొద్దమ్మా. ఈయన నాకు తమ్ముడు గాదు. అన్న అసలే గాదు. ఆ రోజు ఆంటీ ముందట సిగ్గుపడి అబద్ధం చెప్పిన."

"మరి ఏమైతడే?" అంది రమమ్మ.

అందరూ చూస్తున్నారు. నిజంగానే అందరూ చూస్తున్నారు. వరలక్ష్మి ఇంకా నిటారుగా నిలబడింది.

"నాకంటె పొట్టి. అందరికి కనబడతనే ఉన్నది. చూసెటోళ్ళు చూడుండ్రి, నవ్వెటోళ్ళు నవ్వుండ్రి. నాకు ఈయనే కావాలె. ఈయన పక్కన్నే నిలబడత."

సంపత్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా నవ్వాడు.

"దెబ్బ మంచిగ తగిలింది మేడమ్," అన్నాడు. "సారీ మాత్రం చెప్పకుండ్రి."

"చెప్పను," అంది వరలక్ష్మి.

అప్పుడు రమమ్మ తేరుకుంది. గల్లా వైపు తిరిగి చేతులు జోడించింది. "అన్నా, నా బిడ్డ తొందరపడి ఏదో అన్నది. మనసుల పెట్టుకోకుండ్రి. ఇంటికి తీస్కపోత."

వెంకట్రాజం గల్లా దిగి మెల్లగా వచ్చాడు. అతను వేలెత్తి గోడ మీది ఎర్ర బోర్డు చూపించాడు.

"నలుగుర్ల మాట పడ్డంక వాపస్ తీస్కపోతానంటె ఎట్లమ్మా? మా షాపుల గా రూలు లేదు. పది రోజుల సంది వీడు అన్నం తింటలేడు. ఏమైందంటె నోరిప్పడు. ఇయ్యాల తెల్సింది."

"అన్నా..."

"ఇగో, అన్నా అంటనే ఉన్నవు. ఉత్త నోటి మాటెందుకు?" వెంకట్రాజం చొక్కా చెయ్యి పైకి మడిచి, మణికట్టు ఆమె ముందు పెట్టాడు. "చేతుల రాఖీ ఉండనే ఉన్నది. కట్టు. నేను నీకు అన్ననైత. అన్న కొడుకు, చెల్లె బిడ్డ. ఇంతకంటె సక్కని వరస ఏముంటది?"

రమమ్మ అతని వైపు, కూతురి వైపు, సంపత్ వైపు చూసింది. వెంకట్రాజం మణికట్టుకు రాఖీ కట్టింది. కట్టి, కళ్ళు ఒత్తుకుని, "ఆయనకు నేను చెప్త తియ్యి," అంది. ఆయనంటే కిరాణా కొట్టులో కూర్చున్న వరలక్ష్మి నాన్న కిషన్ రావు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో రమమ్మ చెప్పిందే ఆయన మాట. దుకాణంలో ఎవరో చప్పట్లు కొట్టారు, మిగతా అందరూ అందుకున్నారు.

"చెల్లె వచ్చింది, ఉత్త చేతుల పంపుత్తమా? కోడలికి గూడ ఒకటి తీయిరా!" అన్నాడు వెంకట్రాజం.

సంపత్ బీరువా అడుగు నుంచి ఒక చీర తీశాడు. చిలకపచ్చ రంగు, ఎర్ర అంచు, మంచి పన్నా. ఎన్నాళ్ళ నుంచో అక్కడ దాచినట్టుంది. మడత విప్పి, అలవాటు చొప్పున తన భుజం మీద వేసుకోబోయాడు.

"నీ మీద వద్దు అల్లుడా," అంది రమమ్మ. "దాని మీదనే ఏసి చూపియ్యి. ఒక్కసారి మోసపోయిన, చాలు."